బజరు మోగని మీటరు

ఘాజియాబాద్,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కయ్యకు తమ్ముడు శ్రీను నమస్కారాలు. బావగారికి పాదాభివందనం. బుజ్జికి ముద్దులు.

ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి గాని, మీరు క్షేమంగా లేరని నీ కార్డే చెబుతోంది. నేనెలా ఉన్నానో ఈ ఉత్తరం చివరికొచ్చాక నువ్వే తేల్చుకో.

కార్డు మీద మూడే వాక్యాలు రాశావు. "షెడ్డు ఖాళీ చేశామని ఫోనులో చెబితే చాలా సంతోషం అన్నావు. ఏమన్నాడని మీ బావ అడిగితే అదే చెప్పాను, ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. ఎందుకలా అన్నావో నీకే తెలియాలి." కింద సంతకం కూడా పెట్టలేదు. ఆ కార్డు నెల రోజులుగా నా చొక్కా జేబులోనే ఉంది. గ్రీజు అంటి సగం అక్షరాలు పోయాయి. పోతేనేం, కంఠతా వచ్చేశాయి.

బెజవాడ ఆటోనగర్‌లో బావగారి షెడ్డు మూతపడితే నేను సంతోషిస్తానా అక్కా? నువ్వు కాపురానికి వెళ్తూ నన్ను కూడా వెంటబెట్టుకుపోయినప్పుడు, పెళ్ళాంతో పాటు బావమరిది కట్నమా అని ఊళ్ళోవాళ్ళు ఆటపట్టిస్తే, "వాడు నా షెడ్డు మనిషి, మీకెందుకు" అన్న మనిషి ఆయన. నా చేతికి మొదటి పానా ఇచ్చింది ఆయన. అలాంటాయన షెడ్డు మూతపడితే నా నోట ఆ మాట ఎందుకొచ్చిందో చెబుతాను. చెప్పాలంటే ఒక మీటరు కథ చెప్పాలి. కాస్త ఓపిగ్గా చదువు. నా ఉత్తరం రాగానే బావగారిని కుర్చీలో కూర్చోబెట్టి గట్టిగా చదివి వినిపించడం నీకు అలవాటు. ఈసారి మాత్రం ముందు నువ్వొక్కదానివే చదువుకో.

కాగితాలు చూసి కంగారుపడకు. ఇవి మా వర్క్‌షాపు జాబ్ కార్డులు. ఒకవైపు బండ్ల నంబర్లు, రెండోవైపు నీ తమ్ముడి గోడు.

చలి ఇప్పుడిప్పుడే తగ్గుతోంది. పోయిన నెలంతా పొద్దున పదింటిదాకా మంచు, ఎదురుగా వచ్చే రిక్షా కూడా కనపడేది కాదు. పొద్దున పరాఠాలు, మధ్యాహ్నం రాజ్మా, రాత్రికి నేనే ఇంత అన్నం వండుకుంటాను. నువ్వు పంపిన కందిపొడి అయిపోయింది. ఆవకాయ జాడీలో అడుగున నూనె ఉంది, దాన్నే పొదుపుగా వాడుతున్నాను. ఒంట్లో బాగానే ఉంది. నిజంగానే బాగుంది, బెంగపడకు. చలికాలం నాకు ఎంత సుఖమో నీకు తెలీదు. ఇక్కడ అందరూ చెవులకు మఫ్లర్లు చుట్టుకుంటారు. అందరూ అందరినీ "క్యా?" అని రెండుసార్లు అడుగుతారు. ఆ రెండు నెలలూ నేను నలుగురిలో ఒకణ్ణి.

ఇప్పుడర్థమైంది కదా, విషయం ఎటు పోతోందో. తొందరపడకు, వరసగా చెబుతాను.

మా పనేమిటో నీకు ఇంతకుముందే రాశాను. బావగారి దగ్గర పాడైన లారీలు బాగుచేసేవాళ్ళం. ఇక్కడ లక్షణంగా తిరిగే కార్లు తెచ్చి, ఇంకా వేగంగా పోయేలా చెయ్యమంటారు. బాగున్నదాన్ని బాగుచెయ్యడమేమిటని మొదట్లో నవ్వొచ్చేది. యజమానిని అందరూ పాపాజీ అంటారు. అరవై ఏళ్ళ సర్దార్జీ, గడ్డం తెల్లబడింది గాని గొంతు మాత్రం లారీ హారను. వైరింగు పనీ మీటర్ల పనీ నాకే వదిలేస్తాడు.

డిసెంబరులో వరుణ్ అని ఒకతను గుర్గావ్ నుంచి కారు తెచ్చాడు. పెద్ద కంపెనీలో ఉద్యోగం, ముప్ఫై ఏళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు, ఆ కారే అతని సంసారం. దానికి టర్బో బిగించి ఉంది. టర్బో అంటే ఇంజనులోకి గాలిని బలవంతాన కూరే యంత్రం. అలా కూరినప్పుడు లోపల వేడెంత, ఆయిల్ ఒత్తిడెంత, గాలి ఒత్తిడెంత అని కనిపెట్టి చూస్తుండాలి, లేకపోతే ఇంజను నిమిషంలో బూడిద. వరుణ్ పట్టు ఏమిటంటే, ఇవన్నీ ఒకే మీటరులో అంకెల్లో కనపడాలి.

"భయ్యా, అయిదు మీటర్లు వరసగా పెడితే కారు లారీలా ఉంటుంది," అన్నాడు.

"లారీకి ఏం తక్కువ?" అన్నాను. నాకు రోషం వచ్చిన సంగతి అతనికి తెలియలేదు.

పాపాజీ మూడు రకాలు తెప్పించి నా ముందు బల్ల మీద పెట్టాడు. "శ్రీనివాస్, నువ్వు ఏది అంటే అది. నాకు అంకెలు చూస్తే కళ్ళు తిరుగుతాయి," అన్నాడు.

అక్కా, నీకు చీర ఎంచుకోవడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు, షాపు బయట నిలబడి నిలబడి కాళ్ళు పీకిన రోజులున్నాయి. నేను ఆ మూడింటితో నాలుగు రోజులు కూర్చున్నాను. మొదటిది నీలం వెలుగుతో ముచ్చటగా ఉంది, ఎండలో పెడితే ఒక్క అంకె కనపడలేదు. ఢిల్లీ మే నెల ఎండలో అది అద్దం ముక్కే. పైగా దానితో వచ్చిన సెన్సార్లు నాసిరకం. మీటరు ఎంత గొప్పదైనా అది సెన్సారు చెప్పిందే చూపిస్తుంది కదా. రెండోది జపాన్‌ది. బొమ్మలా ఉంది, ఏడు విషయాలు చూపిస్తుంది, ఏ అంకె ఎక్కడిదాకా పోయిందో గుర్తుపెట్టుకుంటుంది, హద్దు దాటితే బజరు మోగిస్తుంది. మూడోది మొరటుది. నాలుగు అంకెలే ఒకసారికి, పెద్ద పెద్దవి, గోడ గడియారంలోలాగా. హద్దు దాటితే పక్కన రూపాయి బిళ్ళంత ఎర్ర దీపం వెలుగుతుంది. బజరు లేదు. వీటిని బావగారు చూస్తే ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అనేవారు.

నేను జపాన్‌దానికే ఓటు వేశాను. అందరూ అదే అన్నారు. బిగించాను. తొలి పేజీలో ఆయిల్ ఒత్తిడే వచ్చేలా పెట్టాను, ఎందుకంటే "ముందు ఆయిలు, తరవాతే అన్నీ" అన్నది బావగారి మాట. ఇక పరీక్ష. ఇంజను వేడెక్కే దారిలోనే మోగేలా హద్దు కావాలని తక్కువకు దించి, అద్దాలు ఎత్తుకుని ఒక్కణ్ణే కారులో కూర్చుని ఇంజను నడిపాను. వేడి అంకె పెరిగింది, హద్దు దాటింది, తెర మూలన చిన్న గుర్తు వచ్చింది. బజరు మోగలేదు.

మళ్ళీ చేశాను. మోగలేదు. వైరింగంతా విప్పి మళ్ళీ కట్టాను. మోగలేదు. మీటరులో లోపం ఉందని రాసి పంపిస్తే ఢిల్లీ కశ్మీరీ గేటు దుకాణంవాడు ఇంకోటి పంపించాడు. అదీ మోగలేదు. ఇక ఊరుకోలేక పాపాజీని వెంటబెట్టుకుని, రెండు మీటర్లూ సంచిలో వేసుకుని కశ్మీరీ గేటు వెళ్ళాను. దారంతా ఒకటే సణుగుడు, ఈ దుకాణాలవాళ్ళు దక్షిణాదివాణ్ణని చచ్చు సరుకు అంటగడుతున్నారని.

దుకాణం నిండా జనం. దుకాణదారు మీటరును కౌంటరు మీద బ్యాటరీకి తగిలించి, పరీక్ష మీట నొక్కాడు.

"చూశావా, మోగలేదు," అన్నాను నేను. గట్టిగానే అన్నాను.

అతను నా మొహం వంక చూశాడు, పాపాజీ మొహం వంక చూశాడు, మళ్ళీ నొక్కాడు. ఒక మూల టీ తాగుతున్న ఆయన తల తిప్పి మీటరు వైపు చూశాడు. డబ్బాలు సర్దుతున్న పనివాడు చూశాడు. అక్కడున్న ప్రతి తలా దాని వైపు తిరిగింది. నా తల ఒక్కటే తిరగలేదు.

ఎవరో నవ్వారు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు అక్కా, అంటే బాగుండేది. తేలు కుట్టిన దొంగలా సంచి తీసుకుని బయటికొచ్చాను. రెండు మీటర్లూ బంగారంలాంటివి. పాడైంది నేను.

తిరుగు దారిలో యమున వంతెన మీద పాపాజీ ఏదో అన్నాడు. పెదాలు కదలడం పక్కనుంచి కనపడింది. ఎప్పటిలాగే "హాఁజీ" అన్నాను. ఆయన బండి నడుపుతూనే నా వైపు ఒకసారి చూశాడు. వర్క్‌షాపుకు వచ్చాక నన్ను గదిలోకి పిలిచి, ఒక జాబ్ కార్డు లాక్కుని, దాని వెనక హిందీలో రెండు ముక్కలు రాసి నా ముందుకు తోశాడు. బడిలో హిందీ పరీక్షలకు నువ్వు కూర్చోబెట్టి చదివించావు చూడు, అది ఆ రోజు పనికొచ్చింది.

"ఎప్పటి నుంచి?" అని రాశాడు.

ఆ రెండు ముక్కలూ చూడగానే నాకు ఏడుపొచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళ వాణ్ణి, సర్దార్జీ ముందు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాను. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనైనా అడగలేదు.

ఎప్పటి నుంచి అంటే, ఇక్కడికి వచ్చిన కొత్తలోనే మొదలైందనుకుంటాను. అప్పట్లో నాకు హిందీ సరిగా రాదు. ఎవరేమన్నా రెండోసారి అడిగేవాణ్ణి. పాపం మదరాసీ, భాష రాదు అని వాళ్ళు నెమ్మదిగా, గట్టిగా, చేతులు ఊపి మరీ చెప్పేవాళ్ళు. ఆర్నెల్లలో నాకు హిందీ వచ్చేసింది. వినికిడి పోసాగింది. ఎదుటివాళ్ళకు తేడా తెలియలేదు, ఎందుకంటే నేను అప్పుడూ రెండోసారి అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను. రెండేళ్ళుగా భాష రానివాడి వేషంలో బతికేశాను. ఆ వేషం ఎంత సుఖంగా ఉందంటే, దాని కింద ఏముందో చూడబుద్ధి కాలేదు.

చిక్కల్లా తెలుగువాళ్ళతో వచ్చింది. ఢిల్లీ ఆర్.కె.పురంలో భీమవరం ఆంటీ అని ఉన్నారు, వాళ్ళాయన కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో పని చేస్తారు. నెలకో ఆదివారం నలుగురు తెలుగువాళ్ళను పిలిచి పప్పుచారు అన్నం పెడతారని నీకు మురిసిపోతూ రాశాను కదా. అక్కడికి వెళ్ళడం మానేసి ఏడాదైంది. అక్కడ హిందీ రాదన్న సాకు చెల్లదు. అందరూ ఒక్కసారే మాట్లాడుతుంటారు, నవ్వుతుంటారు, వాళ్ళు నవ్వినప్పుడు నేనూ నవ్వాలి. ఒకసారి నవ్వకూడని చోట నవ్వాను, ఎవరి అత్తగారికో ఆపరేషన్ అట. వాళ్ళ పిల్లలతోనే కాస్త నయం, తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చి పరుగెత్తుతారు, విననక్కర్లేదు. ఆంటీ రెండుసార్లు కబురుపెట్టారు. పని ఉందన్నాను. అలా నా భాష వినపడే ఒక్క ఇంటికీ నేనే తలుపేసుకున్నాను. ఆదివారాలు గదిలో కూర్చుని బట్టలు ఉతుక్కుంటాను, గోడకున్న క్యాలెండరు చూస్తాను. ఒంటరితనం అంటే మనుషులు లేకపోవడం అనుకునేవాణ్ణి. కింద వాటాలో పదిమంది ఉన్నారక్కా, వాళ్ళ పెదాలు కదులుతూనే ఉంటాయి.

నీ ఫోన్ల సంగతి కూడా ఇంతే. చేతిలో సెల్లు ఉంటే ఉత్తరాలెందుకురా అని ఎన్నిసార్లు అడిగావో! ఫోనులో నీ గొంతు నాకు గోడ అవతలి నుంచి వచ్చినట్టు వచ్చేది. మాటలు అందేవి కాదు. అందుకని నేను మూడు ముక్కలు పట్టుకున్నాను. అలాగా, మంచిది, చాలా సంతోషం. ఇవి తిప్పి తిప్పి వాడితే నీకు అనుమానం రాలేదు, నీకు మాట్లాడ్డం ఇష్టం కాబట్టి. బుజ్జికి ఫస్టు క్లాసు వచ్చిందన్నప్పుడు సరిపోయింది. మేడ మీద పిట్టగోడ కట్టించామన్నప్పుడు సరిపోయింది. షెడ్డు ఖాళీ చేశాం అన్నప్పుడు కూడా ఆ మూడింట్లో ఒకటి తీసి పారేశాను. నువ్వు ఏం చెప్పావో నీ కార్డు వచ్చేదాకా నాకు తెలీదు. ఇదీ సంగతి. తిట్టు, పడతాను. కంచం ముందు నుంచి బావగారిని నేనే లేపేశానని రోజూ తలుచుకుని తిట్టుకుంటున్నాను.

ఇక మీటరు సంగతి. నన్ను పనిలోంచి తీసేస్తాడనే అనుకున్నాను. బండి శబ్దం తెలియని మెకానిక్కు ఎవడిక్కావాలి? పాపాజీ మర్నాడు పొద్దున్నే తన కారులో ఎక్కించుకుని చెవుల ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. క్యూలో నాతో పాటు మూడు గంటలు నిలబడ్డాడు. "రెండేళ్ళు నీకు హిందీ రాదని అరిచి అరిచి నా గొంతు పోయింది, ఆ ఖర్చు ఎవరిస్తారు?" అని నా మొహంలో మొహం పెట్టి అరిచాడు. క్యూ అంతా తిరిగి చూసింది.

డాక్టరమ్మ చిన్నది, మన బుజ్జి కన్నా పదేళ్ళు పెద్దదేమో. రెండు కొమ్ములున్న ఇనప కడ్డీ ఒకటి బల్లకు కొట్టి నా చెవి దగ్గర పెట్టింది. లీలగా ఏదో ఉన్నట్టుంది. అదే కడ్డీ కాడను చెవి వెనక ఎముకకు ఆనించింది. అక్కా, తల నిండా గంట మోగింది! ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచాను. ఆవిడ నవ్వి కాగితం మీద చెవి బొమ్మ వేసి చూపించింది. చెవి లోపల మూడు బుల్లి ఎముకలు ఉంటాయట, చివరిది బిగుసుకుపోయి కదలడం లేదట. అసలు వినే భాగం బాగానే ఉందట. అంటే ఇంజను బాగుంది, మధ్యలో కదలిక అందించే రాకరు జామ్ అయింది. ఆ భాష నాకు తెలిసిందే. ఆపరేషన్ చెయ్యొచ్చు, అయితే వరస రావడానికి నెలలు పడుతుంది, అందాకా చెవికి మిషను పెట్టుకోవచ్చంది. పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేదు. చాలావరకు రావచ్చంది.

అక్కణ్ణుంచి వచ్చాక జపాన్ మీటరు ఊడదీసి, మొరటుదాన్ని బిగించాను. వరుణ్‌కు నచ్చలేదు.

"భయ్యా, దీనికి బజరే లేదు. ఎందుకిది?"

"వేగంగా తోలేటప్పుడు హెల్మెట్ పెట్టుకుని, ఆ సైలెన్సరు మోతలో, బజరు మోగితే మీకు వినపడుతుందా?" అన్నాను. "ఒకసారి వినపడకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. దీపం అయితే చూడాలని లేకపోయినా కంట్లో పడుతుంది."

పాపాజీ గడ్డం దువ్వుకుంటూ, "అచ్ఛా, మన చెవిటివాడే సరిగ్గా విన్నాడు," అన్నాడు. ఆ మాట నా మొహం వైపు తిరిగి, నాకు అందేలా అన్నాడు. ఆయన ఎగతాళిలో ఎప్పుడూ కాస్త బెల్లం ఉంటుంది.

పోయిన ఆదివారం ఊరి బయట సిమెంటు చేసిన పెద్ద ఖాళీ స్థలంలో కారును తిప్పి చూశాం. వరుణ్ నడుపుతున్నాడు, నేను పక్కన. పొడవాటి మలుపులో ఆయిలంతా ఇంజను అడుగు చాంబరులో ఒక పక్కకు చేరి ఒత్తిడి పడిపోయింది కాబోలు, ఎర్ర దీపం భగ్గున వెలిగింది. వరుణ్ వెంటనే కాలు తీసేశాడు. బండిని పక్కకు తెచ్చి ఆపాం. ఆయిలు లేకుండా ఒకటి రెండు క్షణాలు తిరిగిందేమో, లోపల బేరింగులు గీసుకుపోయాయా లేదా అన్నదే ప్రశ్న. ఇంజను విప్పితే నెల పని. విప్పకుండా మళ్ళీ వేగంగా నడిపితే, పాడై ఉంటే, అతని కారు అక్కడితో సరి.

అలాంటప్పుడు బావగారు ఏం చేసేవారో నీకు తెలుసు. పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని దాని కొన ఇంజనుకు ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు నొక్కిపెట్టి వినమని మాకు నేర్పారు. ఇంజనును నిలబెట్టి నెమ్మదిగా నడపమని వరుణ్‌కు చెప్పి, నేను అలా పెట్టి విన్నాను. వచ్చింది. కాని చుట్టూ గాలి, గ్రీజుకు పిడి జారుడు, సరిగా పట్టు దొరకలేదు. అప్పుడు గుర్తొచ్చింది. మాకు చెవి దగ్గర పెట్టుకోమని చెప్పేవారు గాని, బావగారు తాను మాత్రం పిడిని పళ్ళ మధ్య కరిచి పట్టుకునేవారు. ఇంజను నిలిపి పిడి తుడుచుకుని మరీ పనిలోకి దిగేవారు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే దాన్ని కొరకడం నీ తాతతరం కాదన్నాడట అని సామెత చెప్పి, మేం షెడ్డు వెనక నవ్వుకునేవాళ్ళం, ఆయన్ని చూసి.

నేనూ కరిచి పట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను.

మొత్తం వినపడింది అక్కా. వాల్వులు విడివిడిగా, గొలుసు రాసుకోవడం, పంపు తిరగడం. రెండేళ్ళ తరవాత ఒక ఇంజను నాతో మాట్లాడింది. బేరింగులు శుభ్రంగా ఉన్నాయి, ఎక్కడా కొట్టుకుంటున్న చప్పుడు లేదు. "బాగుంది," అని నేను తెలుగులోనే అరిచాను. వరుణ్‌కు అర్థం కాకపోయినా అర్థమైంది, నేల మీద కూలబడి నవ్వాడు. ఆయిలు చాంబరు లోపల అడ్డపలకలు పెట్టాలి, ఆ పని రేపటి నుంచి మొదలుపెడతాను.

అందరూ టీ తాగుతుంటే నేను స్క్రూడ్రైవర్ పిడి చూస్తూ కూర్చున్నాను. నా పళ్ళ గుర్తులు పడ్డాయి. బావగారి స్క్రూడ్రైవర్ చెక్క పిడి నిండా అవే గుర్తులు, ఏళ్ళ తరబడివి. ఆయన ఎందుకు కొరికేవారో ఇన్నేళ్ళూ నాకెందుకు తోచలేదు?

ఇప్పుడు నిన్ను కొన్ని అడుగుతాను, కోప్పడకుండా ఆలోచించు. టీవీ అంత గట్టిగా పెడతారేమిటని రోజూ నువ్వు ఎవరితో పోట్లాడేదానివి? వెనకనుంచి పిలిస్తే పలకరు, పొగరు అని ఎవరిని అనేదానివి? నేను ఢిల్లీ వచ్చాక బావగారు ఒక్కసారైనా ఫోను తీసుకున్నారా? మొదట్లో నాకు ఇంకా బాగా వినపడే రోజుల్లో నీ పక్కన ఆయన గొంతు తెలిసేది, "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని. షెడ్డు వదిలి వచ్చేశానని నా మీద కోపం, అందుకే నాతో మాట్లాడటం లేదు అనుకున్నాను. రెండేళ్ళూ అదే అనుకుని ఈ గదిలో కుమిలిపోయాను. షెడ్డు ఎందుకు మూసేశారో ఎంత అడిగినా బావగారు చెప్పడం లేదని, ఒంట్లో సత్తువ ఉంది, గిరాకీ ఉంది, అయినా తాళం వేసేశారని మీ పక్కింటి సుబ్బారావు మొన్న ఇక్కడికి పనిమీద వచ్చినప్పుడు చెప్పాడు. చెప్పరక్కా. నేను చెప్పానా?

నాలాంటి జబ్బో కాదో, ఆ సుత్తుల మోతలో ఏళ్ళ తరబడి ఉండటం వల్లో, నాకు తెలీదు. నేను డాక్టర్ని కాదు. నా అనుమానం తప్పే కావచ్చు. బెజవాడలో మంచి చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. రానంటారు. శ్రీనుకు చెవి బాగాలేదని, తనకు తోడుగా మీరూ చూపించుకోమని బతిమాలాడని చెప్పు. శిష్యుడి కోసం వస్తారు.

ఆ స్క్రూడ్రైవర్ మాత్రం ఎవరికీ అమ్మనివ్వకు. మిగతా సామాన్లు ఏమైనా ఫరవాలేదు.

వీలైతే కందిపొడి, కొంచెం గోంగూర పచ్చడి పంపించు. బుజ్జిని తెలుగులో నాకో ఉత్తరం రాయమను, అక్షరాలు ఎంత వంకరగా ఉన్నా సరే. వచ్చే ఆదివారం భీమవరం ఆంటీ వాళ్ళింటికి వెళ్తాను, వెళ్ళగానే నాకు చెవి వినపడదని చెప్పేస్తాను. అదొక్కటి అయిపోతే తరవాత పప్పుచారు తినడం కష్టమేమీ కాదు. మిషను చెవికి పెట్టుకున్నాక ఫోను చేస్తాను, అందాకా చెయ్యకు. పెద్దమ్మకూ, మామయ్యలకూ నా నమస్కారాలు. మీ ఆశీస్సులు నాకు కావాలి, అన్నీ కావాలి, గట్టిగా ఇవ్వండి.

ఇంకొక్క మాట. ఇదంతా నువ్వు చదివేశాక బావగారికి చదివి వినిపించకు. కళ్ళజోడు తుడిచి ఇచ్చి, ఈ కాగితాలు ఆయన చేతికే ఇయ్యి.

మీ షెడ్డు మనిషి,
శ్రీను